గోడమీద చీమల బారు

మన ఆఫీసర్లకు ఉపన్యాసం రాకపోయినా ఫరవాలేదు, గోడకో తెర ఉంటే చాలు! చెప్పవలసిందంతా దానిమీదకెక్కించి, మనవైపు వీపు పెట్టి చదివేసి, చప్పట్లు కొట్టించుకుని మరీ వెళతారు.

మొన్న మా చౌటుప్పల్లో మహిళా సంఘాల వాళ్ళకు ఫ్లోరైడు గురించి చెబుతామంటే నేనూ వెళ్ళాను. నల్లగొండ నేలమీద ఆ మాట వినని ఇల్లుంటుందా? పిల్లల పళ్ళమీద గోధుమరంగు చారలు, పెద్దల వంగిన నడుములు చూస్తూనే పెరిగాం. 2015 జూన్ 8న ఇంటింటి మంచినీళ్ళ పథకానికి పైలాన్ ఆవిష్కరించింది కూడా ఇక్కడే. అయినా బోరునీళ్ళ అలవాటు పూర్తిగా పోలేదు.

ఆయన స్లైడుకు పదేసి వాక్యాలు, అన్నీ ఇంగ్లీషే. అందులోనూ లేత పసుపుమీద తెల్లక్షరాలు! కళ్ళాపి చల్లి నేల తడిసి నల్లబడ్డాకే గదా మనం తెల్లముగ్గు వేసేది? సున్నంగోడమీద ముగ్గుపిండితో ముగ్గేసే ఇల్లాలిని ఎక్కడైనా చూశారా?

తొమ్మిదో స్లైడులో, అట్టడుగు పంక్తిలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉందండీ అసలు సంగతి: మరిగిస్తే ఫ్లోరైడు పోదని. పోకపోగా, నీళ్ళు ఇగిరేకొద్దీ దాని పాలు పెరుగుతుంది. వంటింటి ఆడవాళ్ళకు కావలసింది ఆ ఒక్క ముక్కే. ఆయన దాన్ని చదవనైనా చదవలేదు, టైమైపోయిందట!

‘స్లైడుకింత రాద్ధాంతమా?’ అంటారేమో. 2003 జనవరిలో కొలంబియా నౌక రెక్కకు నురగముక్క తగిలింది. నాసా పెద్దలకు చూపిన స్లైడులో, ఆ ముక్క అంతకుముందు పరీక్షించినదానికి 640 రెట్లన్న సంగతి ఎక్కడుందనుకున్నారు? చిట్టచివరి పంక్తిలో, 1920, 3 ఘనపుటంగుళాలు అన్న అంకెల మాటున! ఫిబ్రవరి 1న మన కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ బూడిదయ్యారు. స్లైడే చంపిందని నేననను. కానీ దర్యాప్తు సంఘం ఆ స్లైడును నివేదికలో అచ్చువేసి మరీ తప్పుపట్టింది.

స్లైడుకు ఒక్క మాట చాలదా? అదీ తెలుగులో, చివరి వరుసలో తాను ముందు నిలబడి చదివి చూసుకున్నంత పెద్దగా. చదువురానివాళ్ళుంటే పొయ్యిమీద గిన్నె బొమ్మ గీసి, అడ్డంగా కొట్టేస్తే సరి. తక్కిందంతా నోటితో చెప్పమనండి, అంకెలుంటే కాయితంమీద అచ్చేసి చేతికివ్వమనండి. పెద్దక్షరాలు రాస్తే చదువుకున్నవాడిలా కనబడనని భయమేమో మరి!

బయటికొచ్చాక చివరి వరుసలో కూర్చున్న అవ్వకు ఆ తొమ్మిదో స్లైడు సంగతి చెప్పాను. నోరు తెరిచి చూసింది.

"గంతేనా బిడ్డా? ఇన్నేండ్ల సంది మనుమనికి కాగబెట్టి చల్లార్చి తాపుతున్న గదనే! గీ ముక్క ఆ సారు చెప్పనే లేదు?"