నాన్నకు చెప్పారా?

మాకు తెలిసిన కుటుంబమే. తండ్రి ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆకలి మందగించి మనిషి చిక్కిపోతుంటే గ్యాసనుకుని కొన్నాళ్లు గ్యాసు మందులే మింగాడు. చివరికి కడుపులో గడ్డ అన్నారు, ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చిన మర్నాడు తెల్లవారుజాము బస్సుకు హైదరాబాదు వచ్చారు. డాక్టరు గది ముందు నంబరు పిలవగానే కూతురు లేచి ‘నువ్విక్కడే కూర్చో నాన్నా, మేం మాట్లాడొస్తాం’ అంది. ఆయన కూర్చున్నాడు. కనిపించిన బోర్డునల్లా చదవడం ఉద్యోగం నేర్పిన అలవాటు. గేటు మీదా, గోడ మీదా, చేతిలోని ఓపీ చీటీ మీదా ఆసుపత్రి పేరులోనే క్యాన్సర్ అన్న మాట ఉంది. లోపల కూతురేమో డాక్టరును బతిమాలుతోంది: ‘ఆయనకు మాత్రం చెప్పొద్దు సార్, తట్టుకోలేరు.’

ఈ వేడుకోలును తప్పుపట్టడానికి మనసు రాదు. అందులో ఉన్నది ప్రేమే. కానీ ఇంట్లో అది ఎలా పరిణమిస్తుందో చూడండి. ఆయనకు తెలుసు. తెలిసినట్టు కనబడితే పిల్లలు బెంగపడతారని తెలియనట్టే ఉంటాడు. పిల్లలు గుసగుసలాడుకుంటూ ఆయన రాగానే మాట మారుస్తారు. ఒకే ఇంట్లో ఎవరి ఏడుపు వాళ్లు విడివిడిగా ఏడుస్తారు. భయపడే మనిషికి ఆ భయం చెప్పుకునే దిక్కు కూడా లేకుండా పోతుంది.

ఇక వైద్యం సంగతి. ఆయనొక్కడు తప్ప అందరూ మాట్లాడతారు. రిపోర్టుల ఫొటోలు వాట్సాప్‌లో డల్లాస్‌లోని కొడుక్కి వెళ్తాయి, అతని నుంచి అక్కడి డాక్టరు మిత్రుడికి. బాబాయి ముంబై టాటాకు తీసుకెళ్దామంటాడు. (అదే టాటా మెమోరియల్ వాళ్ల ఆసుపత్రి ఇప్పుడు విశాఖ దగ్గర అగనంపూడిలోనే ఉంది.) ఎవరో ఆకు పసరంటారు. మేనత్త కరెంటు (రేడియేషన్) పెట్టించొద్దంటుంది, పెట్టించుకున్న వాళ్లెవరో బతకలేదని. ఆ వాళ్లెవరో, వాళ్ల జబ్బేమిటో ఎవరూ అడగరు. క్యాన్సర్ అన్నది ఒక జబ్బు కాదు. రోజుకో మాత్రతో ఏళ్ల తరబడి అదుపులో ఉండే రక్త క్యాన్సర్ ఉంది. ఒంట్లో వేరే చోట్లకు పాకినా చాలామందిలో నయమయ్యే వృషణాల క్యాన్సరూ ఉంది. ఒకరి అనుభవం ఇంకొకరికి జాతకం కాదు.

ఇంతమందిలో అడగాల్సిన ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. ఈ కీమో జబ్బు పూర్తిగా పోవడానికా, కొన్నాళ్లు నెమ్మదింపజేయడానికా? రెంటికీ ఎక్కించే సీసాలు ఒకలాగే ఉంటాయి. మొదటిదైతే ఎంత బాధైనా ఓర్చుకోమని ధైర్యం చెప్పవచ్చు. రెండోదైతే ఆ కొన్నాళ్లు ఎలా గడవాలన్నది కూడా లెక్కలోకి రావాలి. ఆ లెక్క వేయవలసినవాడు వరండాలో కూర్చుని ఉన్నాడు.

రోగి ఓపికను వైద్యులు 0 నుంచి 5 దాకా అంకెల్లో కొలుస్తారు. అన్ని పనులూ మునుపటిలా చేసుకుంటే 0, పూర్తిగా మంచాన పడితే 4. 5 అంటే ఇక మనిషి లేడని. పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. తలుపు దగ్గర నుంచి కుర్చీ దాకా ఎలా నడిచాడో చూస్తారు, పగటిపూట సగానికి పైగా పడుకునే ఉంటున్నాడా అని అడుగుతారు. 2కూ 3కూ మధ్య గీత అక్కడే ఉంది, కీమో ఇవ్వాలా వద్దా అన్నది చాలాసార్లు ఆ గీతను బట్టే తేలుతుంది. డల్లాస్ కొడుకు దగ్గర స్కానింగు అంతా ఉంది గానీ ఈ జవాబు లేదు. అది రోజూ అన్నం కలిపి పెట్టే కూతురికి తెలుసు. చర్చలో ఆమె మాటకు విలువ తక్కువ, డబ్బు పంపేది ఆమె కాదు గనక.

డబ్బు ప్రసక్తి రానే వచ్చింది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ, అంతకు చాలా ముందు 1955 నుంచీ హైదరాబాదులో ఉన్న ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఎన్నో ఇళ్లు అమ్ముడుపోకుండా కాపాడాయి. అయినా గది అద్దె, తిండి, రానుపోను చార్జీలు, పోయిన కూలి ఏ కార్డులోకీ రావు. అన్నిటికంటే బరువైనది ‘పిల్లలుండీ ఏమీ చేయలేదు’ అన్న మాట. ఆ మాట పడకూడదని చేయించే వైద్యం మన ఇళ్లలో తక్కువేం కాదు. సూది దిగేది తండ్రి నరంలోకి, ఉపశమనం పిల్లలకు.

నొప్పీ బాధా తగ్గించే ఉపశమన వైద్యం అనగానే ‘ఇక చేతులెత్తేశారు’ అనుకుంటాం. బోస్టన్‌లో 151 మంది ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మీద చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. మామూలు వైద్యంతో పాటు మొదటి నుంచే ఉపశమన వైద్యం అందినవాళ్లు స్థిమితంగా ఉండటమే కాదు, ఎక్కువ కాలం బతికారు కూడా: సుమారు 11.6 నెలలు, మిగతావాళ్లు 8.9. అంటే అది చివర్లో వెళ్లే గది కాదు. ఎంఎన్‌జేలో ఆ విభాగం ఉంది. హైదరాబాదులోనే స్పర్శ్ హాస్పీస్ ఈ సేవ ఉచితంగా చేస్తోంది. ఇక మార్ఫిన్ పేరు చెబితే బంధువులు హడలిపోతారు, అలవాటైపోతుందని. ఆ మార్ఫిన్ తీసే నల్లమందు పంట చట్టబద్ధంగా పండే దేశం మనది. 2014లో చట్టం సవరించి మార్ఫిన్ దొరకడాన్ని సులువు చేశారు. నొప్పితో రాత్రంతా కూర్చునే మనిషికి ‘అలవాటు’ గురించి హెచ్చరించడం, నిద్రపోయిన వాళ్లు చేసే పని.

కండక్టరు గారి విషయానికొస్తే, ఆ డాక్టరు కూతురి మాట కాదనలేదు, ఒప్పుకోనూ లేదు. ‘ఆయనకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో ఆయన్నే అడుగుదాం, అంతవరకే చెబుదాం’ అని లోపలికి పిలిచారు. ‘మీ జబ్బు గురించి మీరేమనుకుంటున్నారు?’ అని మొదలుపెట్టారు. ఆయన కాసేపు కూతురి వంక చూసి, ‘అమ్మాయి ఏడవనంటే చెబుతా’ అన్నాడు. తర్వాత ఆయన అడిగినవి పిల్లలెవరూ ఊహించని ప్రశ్నలు. జబ్బు పూర్తిగా పోదన్నమాట విని, ఎన్నాళ్లని అడగలేదు. ఎన్నిసార్లు రావాలి, ఎక్కించిన రోజే ఇంటికెళ్లిపోవచ్చా, స్నానం తానే చేసుకోగలడా అని అడిగాడు. అందరికీ అయిపోయిందనిపించాక ఇంకోటి అడిగాడు. ‘పడకపోతే మధ్యలో ఆపేయొచ్చా సార్?’

మీరు ఎప్పుడంటే అప్పుడు ఆపేద్దామన్నారు డాక్టరు.

‘అయితే మొదలెట్టండి’ అన్నాడాయన.