సీసాలో ఏముందో తెలుసుకునే హక్కు

2020 జూన్‌లో ఒక ఆశా కార్యకర్త సంచిలోంచి శానిటైజర్ సీసా తీసి నా చేతికిచ్చింది. "అక్కా, ఇది రాసుకుంటుంటే చేతులు పగులుతున్నాయి. వాసన కూడా అదోలా ఉంది. మంచిదేనంటావా?" అనడిగింది. క్రిములన్నీ చస్తాయని పెద్దక్షరాలతో ఉంది. తయారు చేసిందెవరో, లైసెన్సు నెంబరేమిటో, ఆల్కహాలు ఎంత శాతమో లేదు. కొబ్బరినూనె రాసుకోమని చెప్పి పంపేశాను. ఆ మాట నన్నిప్పటికీ గుచ్చుతూనే ఉంది.

నెల తిరిగేసరికి కురిచేడు వార్త. ప్రకాశం జిల్లాలోని ఆ ఊళ్ళో కరోనా కట్టడికని మద్యం దుకాణాలు మూసేస్తే, శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. తాగుబోతులు, వాళ్ళ ఖర్మ అని తేల్చేసిన వాళ్ళే ఎక్కువ. మద్యం గురించి 1992లో దూబగుంట నుంచీ మనం మాట్లాడుతూనే ఉన్నాం, ఇకముందూ మాట్లాడతాం. కానీ తాగని వాళ్ళ మాటేమిటి? రోజుకి పాతికసార్లు చేతులకి పులుముకున్న నర్సులు, పారిశుధ్య కార్మికులు, అంగన్‌వాడీ టీచర్ల మాటేమిటి?

శానిటైజర్‌లో ఉండాల్సింది ఇథైల్ ఆల్కహాలు గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాలు గానీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం మొదటిదైతే 80 శాతం, రెండోదైతే 75 శాతం. బాగా తగ్గితే వైరస్ చావదు, రక్షణ ఉందన్న భ్రమ మాత్రం మిగులుతుంది. వీటి బదులు మిథనాల్ కలిపితే అది విషం. చర్మం గుండా, ఆవిరిగానూ ఒంట్లోకి పోతుంది. మోతాదు మించితే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. కంటితో చూసి, వాసన చూసి పోల్చుకోలేం. 2020లో ముంబయిలోని కన్స్యూమర్ గైడెన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా 122 నమూనాలు పరీక్షిస్తే అయిదింటిలో మిథనాల్ దొరికింది. 45 నమూనాల్లో లేబులు మీద రాసిందొకటి, లోపలున్నదొకటి.

ఆ ఏడాది మార్చిలో కేంద్ర ప్రభుత్వం 200 మిల్లీలీటర్ల సీసా వంద రూపాయలు దాటకూడదంది. మంచిదే. జూలై చివర్లో, సరిగ్గా కురిచేడు చావుల రోజుల్లోనే, అమ్మేవాళ్ళకి లైసెన్సు అక్కర్లేదంది. తయారీకి మాత్రం కావాలి. మరి కిరాణా కొట్టు దాకా వచ్చిన సీసాని తనిఖీ చేసేదెవరు?

ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టంలో 26వ సెక్షన్ ఉంది. రుసుము కట్టి ఎవరైనా తాము కొన్న మందుని ప్రభుత్వ విశ్లేషకుడితో పరీక్ష చేయించుకుని, సంతకంతో నివేదిక పొందవచ్చు. చాలామందికి తెలియదు, నాకూ ఆలస్యంగానే తెలిసింది. అయితే అందులో "కొన్న" అన్న మాటుంది. ఆశా కార్యకర్త కొనలేదు, ఆమెకి ఇచ్చారు. పైవాళ్ళు ఏదిస్తే అది రాసుకోవాల్సిన వాళ్ళకే అడిగే దారి లేకపోవడం ఏం న్యాయం?

పంచిపెట్టిన సరుక్కి కూడా ఈ హక్కు వర్తించాలని అడగాలి. ఈలోగా శానిటైజర్లు పంచే మన సంస్థలు బిల్లు, బ్యాచ్ నెంబరు దాచి ఉంచండి. అనుమానం వస్తే కొన్నది మీరే కాబట్టి, పరీక్షకి మీరే పంపించండి.