పేరు సరే, ఊరేది?

తెలుగు పండితునికి హిమాలయాల రాళ్ళతో పనేమిటని మిత్రులు అడగవచ్చు. రాళ్ళతో లేదు గాని, రాతితో ఉన్నది. ఏ మాట ఎవరిది, ఏ ప్రతి ఎక్కడిది అన్న విచారణ మా వృత్తిధర్మం. ఆ ధర్మాన్ని నేను ఒకసారి తప్పినవాణ్ణి కనుకనే ఈ టపా.

కోనోడాంట్లనే సూక్ష్మశిలాజాలు ఉన్నాయి. శంకువు, పన్ను అనే అర్థాలు గల రెండు గ్రీకు మాటలు కలిసి ఏర్పడిన పేరది. నేను శంకుదంతాలంటాను: శంకువు వంటి దంతము, ఉపమాన పూర్వపద కర్మధారయం. చాలావరకు ఒక మిల్లీమీటరు పొడవైనా ఉండవు. 1856లో పాండర్ అనే శాస్త్రజ్ఞుడు వీటిని తొలిసారి వర్ణించి చేపల పళ్ళనుకున్నాడు. స్కాట్లాండులో దొరికిన మెత్తని దేహపు ముద్రను 1983లో ప్రకటించిన తరువాత గాని, ఇవి ఈలుచేపను పోలిన ఒక చిన్న సముద్రజీవి నోటిలోనివని తేటపడలేదు. ఆ జీవులు దాదాపు 50 కోట్ల ఏళ్ళ క్రితం పుట్టి, 20 కోట్ల ఏళ్ళ నాటికి నశించాయి.

వీటిని రాతినుండి రాబట్టే విధానం నన్ను ముగ్ధుణ్ణి చేసింది. సున్నపురాతిని పలుచని ఎసిటిక్ ఆమ్లంలో, అంటే మన వినిగరులో ఉండే ఆమ్లంలోనే, రోజుల తరబడి నానవేస్తారు. రాయి కరిగిపోతుంది. ఫాస్ఫేటుతో ఏర్పడినవి కనుక ఇవి మిగులుతాయి. అడుగున చేరిన మడ్డిని కడిగి, ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద తడి కుంచెతో ఒక్కొక్కటే ఏరుతారు. పిమ్మట ఆకృతి చూచి పేరు, పేరును బట్టి ఆ రాతి పొర వయస్సు. రంగు కూడా సాక్ష్యమే: భూగర్భంలో వేడి తగిలినకొద్దీ లేత పసుపు గోధుమవన్నెకు, ఆపై నలుపుకు తిరుగుతుంది.

హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయ ఒకప్పుడు టెథిస్ అనే సముద్రపు అడుగు. అక్కడి పొరల్లో ఈ శంకుదంతాలు నిజంగానే ఉన్నాయి. అయితే అది మంచు కమ్మితే కుంజుం కనుమ దారి నెలల తరబడి మూసుకుపోయే చోటు. ఎవరైనా "అక్కడ దొరికింది" అంటే, వెళ్ళి చూచి రాగలవారెందరు?

ఈ దూరాన్నే ఆసరా చేసుకొని పెద్ద మోసం జరిగింది. పంజాబ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడొకరు ఇరవై ఏళ్ళకు పైగా హిమాలయ శిలాజాల మీద మూడు వందలకు మించి పత్రాలు ప్రకటించారు. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు జాన్ టాలెంట్ 1987లో కెనడాలోని కాల్గరీ సదస్సులోను, 1989లో నేచర్ పత్రికలోను వాటిని ప్రశ్నించాడు. హిమాలయాలవని చెప్పిన కొన్ని శంకుదంతాలు న్యూయార్క్ రాష్ట్రంలోని ఆమ్స్‌డెల్ క్రీక్ అనే వాగు దగ్గర దొరికేవాటితో అచ్చుగుద్దినట్లు సరిపోయాయి. మరికొన్ని శిలాజాలు మొరాకో అంగళ్ళలో అమ్మేవాటిని పోలి ఉన్నాయి. ఆచార్యులు ఆరోపణలను కాదన్నారు. విశ్వవిద్యాలయ విచారణ ఆయనను దోషిగా తేల్చింది. కొలువు మాత్రం పోలేదు!

ఇందులో నన్ను కలచివేసే సంగతి ఒకటున్నది. ఆ శిలాజాలు నకిలీవి కావు. వాటికి పెట్టిన పేర్లూ చాలావరకు సరైనవే. అబద్ధమైనది ఊరొక్కటే. ఊరు తప్పితే పేరెంత ఒప్పైనా ఏమి లాభం? లేని చోట సముద్రం పుడుతుంది, ఆ పొర వయస్సు మారుతుంది. తరువాత వచ్చినవాడు దాని మీద తన కట్టడం లేపుతాడు.

సహరచయితలు అమాయకులని కొందరంటారు. వారు వందకు పైమాటే. వారిలో చాలామంది తమకు పంపిన నమూనాలను చూచి గుర్తించి ఇచ్చారే గాని ఆ స్థలాన్ని చూడలేదు. మోసంలో వారికి భాగం లేదు, ఒప్పుకుంటాను. అయినా పత్రం మీద సంతకం ఉన్నది. జవాబు పత్రం చూడకుండా మార్కుల పట్టీ మీద వ్రాలు చేసిన ఉపాధ్యాయుణ్ణి మనం అమాయకుడంటామా? నమ్మకం లేనిదే విద్య సాగదన్న వాదం నాకు తెలియనిది కాదు. నమ్మమనే నేనూ అంటాను. కాని కొండమీద ఏ పొరనుండి, ఏ గుర్తు దగ్గరనుండి తీశారని అడగడం నమ్మకపోవడం కాదు. కరిగించగా మిగిలిన రాతిముక్కను దాచి ఉంచమనడమూ అవమానం కాదు. మన కైఫీయతులను చూడండి: వాటిలోని గాథలు అటుంచితే, ప్రతిదీ తన ఊరిపేరుతోనే మొదలవుతుంది.

ఇక నా సంగతి. ఎన్నో ఏళ్ళ క్రితం బడి వార్షిక సంచికకు చాటువుల మీద వ్యాసం వ్రాస్తూ, ఒక పద్యం శ్రీనాథునిదని నిర్ధారణగా వ్రాశాను. మా గురువుగారు అలా చెప్పగా విన్నాను, అంతే. సంచిక వచ్చిన వారానికి తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు నిలబడి, "ఏ పుస్తకంలో ఉంది మాస్టారూ?" అన్నాడు. వాడిని కూర్చోమన్నాను. కసిరాను కూడా. సాయంత్రం ఇంట ఉన్న పుస్తకాలన్నీ తిరగవేశాను, దొరకలేదు. మరునాడు తరగతిలో ఆ మాట ఎత్తలేదు. మరుసటి ఏడు ఇంకొక ఉపాధ్యాయుడు, సంచికలో చూచి కాబోలు, అదే పద్యాన్ని శ్రీనాథుని పేరనే ప్రశ్నపత్రంలో ఇచ్చారు.

నేటికీ ఆ పద్యానికి ఆధారం నాకు కనబడలేదు. ఇన్నేళ్ళకు ఇక్కడ సవరించుకుంటున్నాను: అది శ్రీనాథునిదని నేను చెప్పలేను. శంకుదంతమన్న మాట మాత్రం నా కల్పనే, పాతదని ఎవరూ పొరబడవద్దు. మేలైన మాట మీకెక్కడైనా కనబడి ఉంటే వ్యాఖ్యలో తెలుపగలరు, ఎక్కడ కనబడిందో సహా.