సముద్రం దాటని సామ్రాజ్యం

వలసపాలన అనగానే మనకు ఓడలు గుర్తొస్తాయి. పాలకుడు సముద్రం మీదుగా వస్తాడు. అతని రంగు వేరు, భాష వేరు, మతం వేరు. ఏదో ఒకనాడు మళ్లీ ఓడెక్కి పోతాడు. ఈ నమూనా లోకం మనసులో ఎంత బలంగా పాతుకుపోయిందంటే, 1960 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన 1541వ తీర్మానం కూడా వలస ప్రాంతాన్ని గుర్తుపట్టడానికి భౌగోళిక దూరాన్నే ఒక కొలబద్దగా తీసుకుంది. ఆ లెక్కన మాస్కో నుంచి నేలమీదుగా చేరుకోగలిగే దేశమేదీ వలస కాదు. పైగా సోవియట్ ఉక్రెయిన్ 1945లోనే ఐరాస వ్యవస్థాపక సభ్యురాలు. కాగితం మీద అది వలస అయ్యే అవకాశమే లేదు. 2022 మార్చి 2న రష్యా దండయాత్రను ఖండిస్తూ ఐరాసలో పెట్టిన తీర్మానానికి 141 దేశాలు మద్దతిస్తే, 35 దేశాలు ఎటూ ఓటు వేయలేదు. వాటిలో భారత్, దక్షిణాఫ్రికా, అల్జీరియా ఉన్నాయి. ఆయుధాలు, చమురు, పాత స్నేహాలు ఇందుకు కారణాలే. కానీ వాటి వెనక ఒక ఆలోచనా లోపం కూడా ఉంది. వలసపాలనలో నలిగిన జాతులే ఉక్రెయిన్ గతాన్ని తమ గతం లాంటిదిగా గుర్తుపట్టలేకపోయాయి. ఉక్రెయిన్‌ది వలస చరిత్రే. కాకపోతే ఆ వలసతనం మనకు అలవాటైన దిశలో కాక, దానికి సరిగ్గా ఎదురు దిశలో నడిచింది.

బ్రిటిష్ పాలకుడు భారతీయుడితో ‘నువ్వు మాలాంటివాడివి కావు, కాబట్టి మేమే ఏలాలి’ అన్నాడు. జార్ ప్రభుత్వం ఉక్రేనియన్‌తో ‘నువ్వు మావాడివే, కాబట్టి నీకంటూ వేరే ఉనికి అక్కర్లేదు’ అంది. మొదటిది తేడాను పెంచి ఏలింది, రెండోది తేడాను తుడిచి ఏలింది. దీని ఆనవాళ్లు చట్టాల్లోనే దొరుకుతాయి. 1764లో ఉక్రెయిన్ యోధులైన కొసాక్కుల స్వయంపాలక హెట్మన్ (అధినేత) వ్యవస్థను రష్యా మహారాణి కేథరిన్ రద్దు చేసింది. 1775లో వాళ్ల కంచుకోట జపొరీజియన్ సిచ్‌ను నేలమట్టం చేయించింది. 1783లో ద్నీపర్ నదికి ఎడమ ఒడ్డున ఉన్న రైతులు భూమి వదిలి కదలరాదన్న ఆజ్ఞ వచ్చింది. అంటే వాళ్లు భూదాసులయ్యారు. క్రిమియాను సామ్రాజ్యంలో కలిపేసుకున్నదీ అదే ఏడు. రెండేళ్లకు, 1785లో, కొసాక్కు అధికార కుటుంబాలకు రష్యన్ కులీనులతో సమానంగా హక్కులు దక్కాయి. పైవాళ్లకు పదవి, కిందివాళ్లకు సంకెల. ఒకే ప్రజను నిలువునా రెండుగా చీల్చి, పై పొరను తమలో కలిపేసుకోవడమే ఈ సామ్రాజ్యం నడిచిన తీరు.

ఇక్కడే అందరూ లేవనెత్తే అభ్యంతరం ఎదురవుతుంది. ఉక్రేనియన్లు సామ్రాజ్యంలో అణగారిన వాళ్లు కారు, దాన్ని కట్టినవాళ్లే అంటారు. ఈ మాటలో నిజం ఉంది. పీటర్ చక్రవర్తి సంస్కరణలకు సిద్ధాంతం సమకూర్చిన ఫెయోఫాన్ ప్రొకొపొవిచ్ కీవ్‌లో పుట్టి, అక్కడి మొహిలా అకాడమీలో పాఠాలు చెప్పినవాడు. చివరి హెట్మన్ కిరిలో రొజుమోవ్‌స్కీ పీటర్స్‌బర్గ్ శాస్త్ర అకాడమీకి అధ్యక్షుడు. కొసాక్కు కుటుంబానికి చెందిన బెజ్‌బొరోద్కో ఏకంగా సామ్రాజ్య చాన్సలర్ అయ్యాడు. సోవియట్ అధినేత బ్రెజ్నెవ్ పుట్టింది ఉక్రెయిన్ గడ్డ మీదే. కలకత్తాలో పుట్టినవాడు లండన్‌లో ప్రధానమంత్రి కావడం విక్టోరియా కాలంలో ఊహకందని విషయం, కాబట్టి ఈ రెండింటికీ పోలిక లేదన్న వాదన పైకి గట్టిగానే కనిపిస్తుంది. కానీ ఆ పదవులకు చెల్లించిన మూల్యం ఏమిటో చూడాలి. వ్యక్తిగా ఉక్రేనియన్‌కు ఏ తలుపూ మూసిలేదు. ఉక్రేనియన్‌గా మాత్రం ఒక్క తలుపూ తెరిచిలేదు. విమర్శకుడు మికోలా రియాబ్‌చుక్ దీన్ని పదునుగా చెప్పాడు: ఇతర వలసల్లో నల్లటి చర్మం ఏ పని చేసిందో ఇక్కడ ఉక్రేనియన్ భాష ఆ పని చేసింది. చర్మాన్ని వదిలించుకోలేం, భాషను వదిలించుకోగలం. వదిలించుకున్నవాడు పెద్దమనిషి, పట్టుకుని వేలాడినవాడు పల్లెటూరి మొద్దు, మరీ పట్టుబడితే రాజద్రోహి. పదవులు అందిన వాళ్ల జాబితా ఎంత పొడుగైతే, భాషను వదిలిన వాళ్ల జాబితా అంత పొడుగు. అభ్యంతరం చూపించే సాక్ష్యం అభ్యంతరానికే ఎదురు తిరుగుతోంది.

భాష విషయంలో ఆ సామ్రాజ్యం ఎంత పట్టుదలగా ఉందో చూస్తే, అది నిజంగా తేడా లేదని నమ్మిందా అన్న అనుమానం వస్తుంది. లేని భాషను నిషేధించనక్కర్లేదు కదా. 1863లో అంతర్గత వ్యవహారాల మంత్రి వలూయెవ్ ఉక్రేనియన్‌లో మత గ్రంథాలు, పాఠ్య పుస్తకాలు, సామాన్యులు చదువుకునే పుస్తకాలు అచ్చు వేయకూడదని సర్క్యులర్ పంపాడు. అలాంటి భాష లేదని అందులోనే రాశాడు. 1876లో జర్మనీలోని ఎమ్స్ పట్టణంలో వైద్యం కోసం బస చేసిన రెండో అలెగ్జాండర్ ఇంకో అడుగు వేశాడు: విదేశాల నుంచి ఉక్రేనియన్ పుస్తకాలు తేవడం, నాటకాలు ఆడటం, పాటల సాహిత్యాన్ని స్వరాలతో కలిపి అచ్చేయడం అన్నిటికీ అడ్డుకట్ట పడింది. ఆ తర్వాత నాటకాలకు కాస్త సడలింపు ఇచ్చినప్పుడు కూడా అదే రాత్రి ఒక రష్యన్ నాటకం ఆడితీరాలన్న షరతు పెట్టారు. చివరకు 1905లో సామ్రాజ్యపు సొంత శాస్త్ర అకాడమీయే ఇది స్వతంత్ర భాష అని, ఆంక్షలు ఎత్తేయాలని నివేదిక ఇచ్చింది. నలభై రెండేళ్లపాటు ఒక భాషలో బడి పుస్తకం లేకుండా చేస్తే, ఆ తర్వాత ఆ భాష చదువుకు పనికిరాదని చెప్పడం తేలికే.

ఈ ఒత్తిడికి ఇద్దరు రచయితలు రెండు విధాలుగా స్పందించారు. 1809లో పొల్తావా ప్రాంతంలో పుట్టిన గొగోల్ రష్యన్‌లో రాసి, రష్యన్ గద్యానికే కొత్త ఊపిరి పోశాడు. 1835లో వెలువడిన ‘తారాస్ బుల్బా’ను 1842లో తిరగరాసినప్పుడు ఆ కొసాక్కు కథలో రష్యన్ భూమి, రష్యన్ విశ్వాసం గురించిన ఉద్ఘాటనలు బాగా పెరిగాయి. సామ్రాజ్యం అడిగిన చోట ఒదిగిపోయిన ప్రతిభ అది. అందుకు ఆయన్ను నిందించడం అన్యాయం. ఉక్రేనియన్‌లో రాసి బతకగల దారి అప్పట్లో ఎంత ఇరుకో షెవ్‌చెంకో జీవితం చెబుతుంది. తరాస్ షెవ్‌చెంకో 1814లో భూదాసుడిగా పుట్టాడు. చిత్రకారుడు బ్ర్యుల్లోవ్ గీసిన ఒక చిత్రపటాన్ని లాటరీలో పెట్టి, వచ్చిన 2,500 రూబుళ్లు యజమానికి చెల్లించి 1838లో అతన్ని విడిపించారు. రెండేళ్లకు ‘కొబ్జార్’ కవితా సంపుటి వచ్చింది. 1845లో రాసిన ‘కాకసస్’ కావ్యంలో రష్యన్ సైన్యాలు కొండజాతుల మీద సాగిస్తున్న యుద్ధాన్ని ఎండగట్టాడు. తన జాతి బాధను ముస్లిం కొండజాతుల బాధ పక్కన నిలిపి చూడగలిగిన ఆ చూపు నాటి ఐరోపాలోనే అరుదు. 1847లో అరెస్టు చేసి మామూలు సిపాయిగా ప్రవాసం పంపారు. రాయకూడదు, బొమ్మలు గీయకూడదు అన్న ఆంక్షను మొదటి నికొలస్ తన చేత్తో జోడించాడు. పదేళ్ల శిక్ష. సామ్రాజ్య వ్యతిరేక సాహిత్యం అని మనం ఆఫ్రికా, ఆసియాల్లో వెతికి పట్టుకున్న స్వరం, వలసానంతర విమర్శకుడు ఎడ్వర్డ్ సయీద్ రాసిన ‘ఓరియంటలిజం’కు నూట ముప్పై ఏళ్ల ముందే అక్కడ మోగింది.

అయినా సయీద్ దాన్ని పట్టించుకోలేదు. 1993 నాటి ‘కల్చర్ అండ్ ఇంపీరియలిజం’లో ఆయన బ్రిటన్, ఫ్రాన్స్, అమెరికాల మీదే దృష్టి పెట్టాడు, రష్యా పక్కనున్న నేలలను మింగుతూ పెరిగింది కాబట్టి దాని దారి వేరని పక్కన పెట్టాడు. వలసానంతర విమర్శ చాలావరకు వామపక్ష భావాల మధ్య ఎదిగింది, సోవియట్ యూనియన్ వియత్నాంకీ అల్జీరియాకీ అండగా నిలిచింది, కాబట్టి ఆ కళ్లకు మాస్కో సామ్రాజ్యంగా కనిపించలేదు. తెలుగునాట కూడా అంతే. విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికిన మాస్కో ప్రచురణలు తరాల పాఠకులకు గొప్ప సాహిత్యాన్ని అందించాయి. ఆ మేలు కాదనలేనిది. కానీ ఆ కిటికీలోంచి చూసినప్పుడు పదిహేను రిపబ్లిక్కులు ఒకే రష్యాలా కనిపించాయి. మార్కో పావ్లిషిన్, మిరోస్లావ్ ష్కాంద్రీ వంటి పండితులు 1990ల నుంచి ఈ లోటు పూడుస్తూ వచ్చారు. వాళ్లకంటే ముందే, 1928లో, మిఖైలో వొలొబూయెవ్ అనే ఆర్థికవేత్త కమ్యూనిస్టు పార్టీ పత్రికలోనే జార్ కాలపు ఉక్రెయిన్ ‘ఐరోపా రకం వలస’ అని, సోవియట్ ప్రణాళికలు ఆ పాత అలవాటును వదల్లేదని వాదించాడు. కొద్దికాలానికే తన మాటలు తప్పని ఆయన చేత ఒప్పించారు.

1930లను తలచుకున్నప్పుడు ఇంకో అభ్యంతరం వస్తుంది: స్టాలిన్ అందరినీ హింసించాడు, రష్యన్ రైతులూ చచ్చారు, ఇందులో వలస ఎక్కడుంది? రష్యన్ రైతులు చచ్చింది నిజమే. అయితే 1932-33 కరువులో ఉక్రెయిన్‌లో 35 నుంచి 40 లక్షల మంది పోయిన సమయంలోనే, 1933 జనవరి 22న, ఉక్రెయిన్ నుంచీ, ఉక్రేనియన్లు ఎక్కువగా ఉన్న కుబాన్ ప్రాంతం నుంచీ రైతులు తిండి వెతుక్కుంటూ బయటికి పోకుండా అడ్డుకోవాలని స్టాలిన్, మొలొతోవ్ ఆదేశం ఇచ్చారు. అంతకు నెల ముందు కుబాన్‌లో ఉక్రేనియన్ భాషా కార్యక్రమాన్ని ఆపేశారు. ధాన్యానికీ భాషకూ ఒకే చేతి మీదుగా ఆజ్ఞలు వెళ్లాయి. ‘మాస్కోకు దూరంగా’ అన్న రచయిత మికోలా ఖ్విలొవీ 1933 మే 13న ఖార్కివ్‌లోని రచయితల నివాసం ‘స్లోవో’లో తనను తాను కాల్చుకున్నాడు. రంగస్థలాన్ని కొత్త దారి పట్టించిన లెస్ కుర్బాస్, నాటక రచయిత మికోలా కులీష్, కవి మికోలా జెరోవ్‌లను 1937 నవంబరు 3న సందర్మోఖ్ అడవిలో కాల్చి చంపారు. అదే దశకంలో కజఖ్ సంచారజాతుల్లో పది లక్షలకు మించి ఆకలితో పోయారు. కజఖ్‌ల చావు ఉక్రెయిన్ వాదనను బలహీనపరచదు. కేంద్రం అంచులను ఎలా చూసిందో చెప్పే రెండో సాక్ష్యం అది.

వలస దృష్టి ఉక్రెయిన్‌ను నిర్దోషిని చేస్తుందన్న భయం మాత్రం నేను తీసిపారేయను. ఆ నేలను మాస్కో ఒక్కటే ఏలలేదు. పోలిష్ ప్రభువులు, హాబ్స్‌బర్గ్ చక్రవర్తులు కూడా ఏలారు. కీవ్‌లో అచ్చుకాని పుస్తకాలు హాబ్స్‌బర్గ్ ల్వివ్‌లో అచ్చయ్యాయి. ఆ మధ్యలో ఉక్రేనియన్లు కూడా ఇతరులపై చెయ్యెత్తారు. 1648 తిరుగుబాటులో యూదులను ఊచకోత కోశారు. 1943లో వొలీనియాలో ఉక్రేనియన్ తిరుగుబాటు సైన్యం పోలిష్ పల్లెల్లో వేలాది మందిని చంపింది. ఇవి మరచిపోతే మిగిలేది ఇంకో జాతీయ పురాణమే. క్రిమియా సంగతి మరీ ముఖ్యం. 1944 మేలో సోవియట్ ప్రభుత్వం సుమారు 1.9 లక్షల క్రిమియన్ తాతార్లను పశువుల రైలుపెట్టెల్లో మధ్య ఆసియాకు తరలించింది. స్వతంత్ర ఉక్రెయిన్ వాళ్లను మూలవాసులుగా గుర్తిస్తూ చట్టం చేసింది 2021లో. ఆలస్యమే అయినా అది సరైన దిశ, ఎందుకంటే తాను అనుభవించిన దాన్ని పేరుపెట్టి పిలిచే ప్రజ తన పక్కవాడి అనుభవానికీ అదే పేరు ఇవ్వాలి.

యుద్ధం మొదలయ్యాక పేర్లు మార్చడం, విగ్రహాలు దించడం ఊపందుకున్నాయి. 2022 డిసెంబరు చివర్లో ఒదెస్సాలో కేథరిన్ విగ్రహం దిగింది. 2023లో ప్రాంతాల పేర్ల నుంచి రష్యన్ సామ్రాజ్య ముద్ర తొలగించే చట్టం వచ్చింది. పావ్లిషిన్ ఎప్పుడో ఒక భేదం చూపాడు: వలస వ్యతిరేకత పాత విలువలను తలకిందులు చేస్తుంది, వలసానంతర దృష్టి వాటిని నిర్భయంగా వాడుకుంటుంది. కేథరిన్ విగ్రహం పోవడంలో నాకు ఏ ఇబ్బందీ లేదు. రైతులను భూదాసులను చేసిన మహారాణి నగరం నడిబొడ్డున నిలబడక్కర్లేదు. గొగోల్‌ను వదులుకోవడం మాత్రం సామ్రాజ్యానికి కానుక ఇవ్వడమే. రష్యన్ మాతృభాషగా ఉండి కూడా ఖార్కివ్‌నూ ఒదెస్సానూ కాపాడుతున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. అంద్రేయ్ కుర్కోవ్ రష్యన్‌లో నవలలు రాస్తూ ఉక్రెయిన్ పక్షాన నిలిచాడు. దొనెత్స్క్‌కు చెందిన వొలొదిమిర్ రఫెయెంకో ఉక్రేనియన్ నేర్చుకుని అందులో నవల రాశాడు. ఈ రెండు దారులూ అక్కడి సంస్కృతివే. బాంబుల కింద ఉన్నవాళ్లకు సంయమనం గురించి దూరం నుంచి బోధించే హక్కు మాత్రం మనకు లేదు. 2022 మేలో తత్వవేత్త స్కొవొరొదా మ్యూజియం క్షిపణికి కూలిపోయింది. ఇజ్యుం దగ్గర ఆక్రమణలో హతుడైన రచయిత వొలొదిమిర్ వకులెంకో పాతిపెట్టిన డైరీని తవ్వి తీసిన రచయిత్రి విక్టోరియా అమేలినా మరుసటి ఏడు క్రమతోర్స్క్‌పై దాడిలో గాయపడి కన్నుమూసింది.

చర్చంతా ఉక్రెయిన్ చుట్టూ తిరిగితే సగమే పూర్తవుతుంది. సామ్రాజ్యానంతర స్థితి రష్యాది, అక్కడ సామ్రాజ్య గతాన్ని ప్రశ్నించే పని మొదలే కాలేదు. దీనికి ఒక్క పాలకుణ్ణి తప్పుపట్టి ఊరుకుంటే లాభం లేదు. అభ్యుదయ విమర్శకుడు బెలిన్‌స్కీ షెవ్‌చెంకో శిక్షపడి వెళ్తుంటే హేళన చేశాడు. శిబిరాల నరకాన్ని లోకానికి చెప్పిన సోల్జెనిత్సిన్ 1990లో ఉక్రెయిన్, బెలారుస్‌లను రష్యాతో కలిపి ఉంచాలని రాశాడు. దేశం నుంచి గెంటివేతకు గురైన కవి బ్రోద్‌స్కీ ఉక్రెయిన్ స్వాతంత్ర్యాన్ని ఈసడిస్తూ కవిత రాసి సభల్లో చదివాడు. రాజ్యాన్ని ఎదిరించినవాళ్లలో కూడా చాలామంది సామ్రాజ్యాన్ని ప్రశ్నించలేదు. రష్యన్ ఆలోచనాపరుడు హెర్జెన్ 1859లోనే తన ‘కోలోకోల్’ పత్రికలో ఉక్రేనియన్ల స్వేచ్ఛను సమర్థించాడు కాబట్టి, వేరే రష్యన్ సంప్రదాయం అసాధ్యమేమీ కాదు. కానీ 2021 జులైలో పుతిన్ రష్యన్లూ ఉక్రేనియన్లూ ఒకే ప్రజ అని సుదీర్ఘ వ్యాసం రాశాడు. 2023 సెప్టెంబరు నుంచి మెదిన్‌స్కీ, తొర్కునోవ్‌ల చరిత్ర పాఠ్యపుస్తకం ఉక్రెయిన్‌పై దండయాత్రను సమర్థిస్తూ పై తరగతుల్లోకి వచ్చింది. ఆక్రమిత ఉక్రెయిన్ బడుల్లో ఇప్పుడు నడుస్తున్నది రష్యన్ పాఠ్య ప్రణాళికే. తమది వేరే దేశం కాదని అక్కడి పిల్లలు పరీక్షల్లో రాయాల్సి వస్తోంది.