మన కూలి మన లెక్కలో ఉందా?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. ఆ సామెతలో ఇల్లు కట్టించుకున్నవాళ్ళ కష్టమే ఉంది. కట్టిపెట్టినవాళ్ళ ఇంట్లో ఏం జరుగుతుందో లేదు. మా ఆయన పదిహేడేళ్ళుగా టైల్స్, గ్రానైట్ పనులు గుత్తకు పడుతున్నారు కాబట్టి ఆ సంగతి నేను చెప్పగలను.

మేముండేది మేడ్చల్‌లో. ఇటు కండ్లకోయ, గుండ్లపోచంపల్లి, అటు తూంకుంట, శామీర్‌పేట దాకా ఎటు చూసినా విల్లాలు, అపార్టుమెంట్లు లేస్తూనే ఉన్నాయి. పనికి కొదవ లేదు. అయినా శనివారం సాయంత్రం పనివాళ్ళకు వారం ఖర్చులు ఇవ్వాలంటే మా ఇంట్లో డబ్బాలు వెతుక్కోవాల్సిందే. ఇంత పని ఉండి ఇంత ఇబ్బంది ఎందుకో చాలా ఏళ్ళు నాకూ అర్థం కాలేదు.

నిరుడు దసరా ముందు ఆయన ఫోన్లో ఒక ప్రకటన కనిపించింది. కట్టడం పనులు చేసే కాంట్రాక్టర్లకు ప్రత్యేకంగా బిజినెస్ కోచింగ్ అట. ఒక హోటల్లో రెండు రోజులు, ఫీజు 6,000. వెళ్ళారు. మెడలో ఐడీ కార్డు వేసుకుని, కొత్త డైరీ పట్టుకుని, ముఖం వెలిగిపోతూ తిరిగొచ్చారు. "నేను మేస్త్రీని కాదట, కంపెనీ యజమానిని అట. ముందు ఆలోచన మారాలట" అన్నారు. నాకూ సంతోషమే వేసింది. ఆయన్ని అంత గౌరవంగా కూర్చోబెట్టి మాట్లాడినవాళ్ళు ఎవరున్నారు ఇన్నేళ్ళలో?

తర్వాత అసలు సంగతి చెప్పారు. ఏడాది కోర్సు ఉందట, లక్షా ఇరవై వేలు. ఆ వారంలో 40,000 కడితే సీటు. ఇంట్లో ఉన్నది 46,000. అది ఛఠ్ పండక్కి ఊరెళ్ళే బీహార్ పిల్లలకు కట్టాల్సిన లెక్క. వాళ్ళు వారం వారం ఖర్చులకే తీసుకుంటారు, మిగతాది మా దగ్గరే ఉంచి ఊరెళ్ళేటప్పుడు పట్టుకెళ్తారు.

"వాళ్ళకు వచ్చాక ఇస్తానులే" అన్నారు.

"ఆ డబ్బు మనది కాదండీ" అన్నాను. రెండు రోజులు మాటల్లేవు.

రెండో రాత్రి నా నోటుబుక్కు తీసి, అప్పుడే ముగిసిన ఒక విల్లా పని లెక్క ఆయన ముందు పెట్టాను. 3,000 చదరపు అడుగులు, అడుగుకి 38 రూపాయలు, మొత్తం 1,14,000. ఇద్దరు మేస్త్రీలు, ఇద్దరు హెల్పర్లు, 19 రోజులు. మేస్త్రీకి రోజుకి 1,100, హెల్పర్‌కి 750 చొప్పున కూలి 70,300. కటింగ్ బ్లేడ్లు, ఆటో కిరాయి, చాయ్, వాళ్ళ గది అద్దె కలిపి 11,200. పోగా 32,500. ఆయన లెక్కలో అదంతా లాభం.

"ఆ 19 రోజులు మీరూ పొద్దున ఎనిమిదింటి నుంచి అక్కడే ఉన్నారు కదా, మీ కూలి ఏది?" అని అడిగాను. మేస్త్రీ కూలే వేసినా 20,900. అది తీసేస్తే మిగిలింది 11,600. దాంట్లో 5,700, అంటే బిల్లులో 5 శాతం, బిల్డరు ఆరు నెలల దాకా ఆపి ఉంచాడు. చేతిలో 5,900. ఈలోపు ప్లంబర్ వేసిన పైపు కారితే రెండు బాత్రూములు పగలగొట్టి మళ్ళీ టైల్స్ వేశారు. ఒక మేస్త్రీ, ఒక హెల్పర్, నాలుగు రోజులు, 7,400. తప్పు మాది కాదు. కానీ అది అదనపు పని అని ఎవరూ ఎక్కడా రాసుకోలేదు, పైసా రాలేదు. చివరికి 1,500 లోటు. అంటే ఆయన ఆ పనిలో తన కూలి కూడా పూర్తిగా తెచ్చుకోలేదు.

ఆయన చాలాసేపు ఆ కాగితం వైపే చూశారు. రెండు రోజుల క్లాసులో ఈ లెక్క ఎవరూ వేయించలేదట.

కోచింగులన్నీ దండగ అని నేననను. మా అమ్మాయి డిగ్రీ పుస్తకంలో కాకినాడ ప్రయోగం అని ఒక పాఠం ఉంది. 1964లో హార్వర్డ్ ప్రొఫెసర్ డేవిడ్ మెక్లీలాండ్, మన హైదరాబాద్‌లోని సియెట్ సంస్థతో కలిసి కాకినాడ చిన్న వ్యాపారులకు శిక్షణ ఇప్పించారు. యూసుఫ్‌గూడలో ఇప్పుడు నిమ్స్‌మే అంటున్నది ఆ సంస్థనే. ఏదైనా సాధించాలన్న పట్టుదలను నేర్పించగలమా అన్నదే వాళ్ళ ప్రశ్న. శిక్షణ పొందినవాళ్ళు, పొందనివాళ్ళ కంటే చురుగ్గా కొత్త పనులు మొదలుపెట్టారని తేలింది. కాబట్టి ధైర్యం చెబితే మనిషి కదులుతాడన్నది నిజమే. కాకపోతే తప్పు రేటుతో పని పడుతున్నవాడికి ధైర్యం పెరిగితే ఏమవుతుంది? ఒక విల్లాలో పోయేది మూడు విల్లాల్లో పోతుంది.

చేతిపని నేర్పడానికి మన దగ్గర 1998 నుంచీ న్యాక్ ఉంది. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మలో తాపీమేస్త్రీలకు శిక్షణ, పనిముట్లకు 15,000, ఐదు శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత రెండు లక్షల దాకా అప్పు ఉన్నాయి. మంచివే. పని వచ్చు, అప్పు దొరుకుతుంది. ఈ రెంటికీ మధ్య ఉండాల్సిన రేటు కట్టడం మాత్రం మా ఆయనలాంటివాళ్ళు నష్టపోయి నేర్చుకుంటున్నారు. బిల్లులో కోసే ఒక శాతం టీడీఎస్‌ను మేము ఏళ్ళ తరబడి పోయిన డబ్బే అనుకున్నాం. అది మన పాన్ మీద జమ అవుతుందని, పన్ను పడకపోతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చని ఆలస్యంగా తెలిసింది.

అందుకే నేననేది ఇంతే. ఈ పనులవాళ్ళకు కోచింగ్ ఇచ్చేవాళ్ళు మొదటి గంటలోనే వాళ్ళు ముగించిన ఒక పని లెక్క వాళ్ళ చేతే వేయించాలి. అందులో వాళ్ళ కూలి ముందు రాయించాలి. ఒప్పుకున్నదాని మీద ఒక్క టైలు ఎక్కువైనా, ముందు వాట్సాప్‌లో రేటు రాసి అవతలివాళ్ళు సరే అన్నాకే చేయి పెట్టమని చెప్పాలి. పనివాళ్ళ డబ్బు వేరే ఖాతాలో ఉంచమనాలి. ఇంకొకటి, భార్యలను కూడా క్లాసుకు పిలవాలి. మేడ్చల్‌లో మాలాంటి ఇళ్ళలో చాలాచోట్ల ఎవరికి ఎంత ఇచ్చారో గుర్తుపెట్టుకునేది ఆడవాళ్ళే. కంపెనీ యజమాని అని మగవాళ్ళకు చెప్పి పంపేస్తే, ఆ కంపెనీ లెక్కలు వంటింట్లోనే ఉండిపోతాయి.

ఆ పిల్లలు పండక్కి లెక్క పట్టుకుని వెళ్ళారు. పండగయ్యాక నలుగురూ తిరిగి మా దగ్గరికే వచ్చారు. పక్క సైటువాళ్ళు రోజుకి యాభై ఎక్కువ ఇస్తామన్నా వెళ్ళలేదు. ఏడాది కోర్సులో మా ఆయన చేరలేదు. మొన్న శామీర్‌పేట దగ్గర ఒక ఇంటికి రేటు చెప్పే ముందు ఫోన్ చేసి "నా కూలి ఎంత వేయమంటావు?" అని అడిగారు. వేసి చెప్పాను. ఆ పని మాకు రాలేదు, ఎవరో అడుగుకి నాలుగు రూపాయలు తక్కువకు ఒప్పుకున్నారట. ఆయన కొంచెం బాధపడ్డారు. నేను మాత్రం ఆ తక్కువకు ఒప్పుకున్న ఆయన ఇంట్లో శనివారం సాయంత్రం ఎలా ఉంటుందో అనుకున్నాను.