చలానా తీర్పు కాదు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా వీధి లారీ డ్రైవరొకడు నా ఇంటికొచ్చి మడతలు పడిన కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. "అన్నా, ఇందులో ఏం రాశారో చదివి చెప్పు" అన్నాడు. ఊళ్ళో నాలుగక్షరాలు వచ్చినవాణ్ణని నా దగ్గరికి ఇలాంటివాళ్ళు వస్తుంటారు. చదివాను. ఓవర్‌లోడు కేసు. అడుగున అతని సంతకం ఉంది. తెలుగులో చేశాడు, గుండ్రంగా, బడిలో నేర్చుకున్నట్టు.

"సంతకం చేసేటప్పుడు చదవలేదా?" అన్నాను.

"చెయ్యమన్నారు, చేసినా. కన్నడం మాట్లాడతాగానీ చదవడం రాదు కదన్నా."

ఓనరు డబ్బు కట్టి బండి విడిపించుకున్నాడు. ఇప్పుడు దాన్ని ఇతని జీతంలోంచి నెలనెలా కోస్తున్నాడు. ఎక్కడ ఆపారో, ఎవరు ఆపారో నేనిక్కడ రాయను. ఒక అధికారిని తిట్టడానికి కాదు ఈ వ్యాసం. సంతకం చేసిన చేతిని గురించీ, ఆ చేతికి అక్షరం అందించని మనందరి గురించీ ఇది.

ముందుగా ఒక మాట తేల్చుకుందాం. చలానా తీర్పు కాదు. అది ఆరోపణ మాత్రమే. ఫలానా రోజు ఫలానా చోట నువ్వు ఫలానా తప్పు చేశావని ప్రభుత్వం తరఫున ఒకరు అంటున్నారు, అంతే. తప్పు చేశావో లేదో తేల్చవలసింది కోర్టు. 1988 మోటారు వాహనాల చట్టంలో 200వ సెక్షను ఉంది. కొన్ని నేరాలను కోర్టుదాకా పోకుండా డబ్బు కట్టి రాజీ చేసుకోవచ్చునని అది చెబుతుంది. రోడ్డు పక్కన మనం కట్టేది ఈ రాజీ డబ్బే. రాజీ అంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే "నేను కోర్టులో చెప్పుకుంటాను" అనవచ్చు. అలా అనడం ఎదురుతిరగడం కాదు, దౌర్జన్యం కాదు, చట్టం తెరిచి ఉంచిన రెండో తలుపు. కట్టేసిన తరువాత మాత్రం ఆ తలుపు మూసుకుంటుంది. రాజీ అయిన కేసులో ఇక విచారణ ఉండదు.

మనవాళ్ళు కరెంటు బిల్లు కట్టినట్టు చలానా కడతారు. బిల్లులో యూనిట్లు ఎక్కువ పడితే ఆఫీసుకెళ్ళి అడుగుతారు, చలానాను మాత్రం అడగరు. ఖాకీ చొక్కా చూడగానే నోరు పడిపోతుంది. పైగా పరాయి రాష్ట్రంలో ఉన్నామన్న బెరుకు ఒకటి. అయ్యా, ఏది పరాయి? సండూరు సంస్థానం 1949లో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టిన రోజే మేం మైసూరులో చేరాం. ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు వెళ్ళాయి, బళ్ళారి ఇటు వచ్చింది. గీత మా తాతల మధ్యనుంచి పోయింది తప్ప మా తాతలు గీత దాటి రాలేదు. ఖనిజం గనుల కోసం తరువాత వచ్చినవాళ్ళున్నారు, నిజమే. వాళ్ళూ ఈ దేశ పౌరులే కదా!

సరే, ఆ డ్రైవరు కేసు చూద్దాం. చట్టంలో 194వ సెక్షను ప్రకారం ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, దానిపైన అదనంగా ఉన్న ప్రతి టన్నుకూ 2,000. దించే ఖర్చు వేరే. 2019లో సవరించినప్పుడు పెట్టిన లెక్క ఇది. నాలుగు టన్నులు ఎక్కువుంటే 28,000 అవుతుంది. కానీ ఆ సెక్షనులోనే ఇంకో మాట ఉంది. ఎక్కువైన సరుకు దించేదాకా బండి కదలకూడదు. నేనతన్ని అడిగాను, "సరుకు దించారా?" అని. "లేదన్నా, కట్టినాక అట్లనే పోనిచ్చినారు." వేబ్రిడ్జి చీటీ ఉందా అంటే అదీ లేదు. తూకం లేకుండా బరువెంతో ఎలా తెలిసింది? ఎక్కువ బరువే నిజమైతే ఆ బరువుతోనే బండిని రోడ్డు మీదికి ఎలా వదిలారు? కోర్టులో అడగవలసిన ప్రశ్నలివి. అడిగే అవకాశాన్ని అతను సంతకంతో ఇచ్చేసి వచ్చాడు.

ఇంతకన్నా పెద్ద సంగతి 113వ సెక్షనులో ఉంది. డ్రైవరు బండికి యజమాని కాకపోతే, ఆ అధిక బరువు యజమానికి తెలిసే, లేదా అతని ఆజ్ఞమీదే జరిగిందని కోర్టు అనుకోవచ్చునని అందులో రాసి ఉంది. 194వ సెక్షను కూడా నడిపినవాణ్ణే కాదు, నడిపించినవాణ్ణీ నడపనిచ్చినవాణ్ణీ కలిపే చెబుతుంది. చట్టం వేలు ఓనరువైపు చూపిస్తుంటే జీతం మాత్రం డ్రైవరుది కోత పడుతోంది! లోడు ఎంత ఎత్తాలో డ్రైవరు నిర్ణయిస్తాడా? "తక్కువ ఎత్తుకుంటే రేపట్నుంచి రావద్దు" అనేది ఎవరు? బళ్ళారి జిల్లావాళ్ళకు ఇది వేరే చెప్పాలా? ఆ ఎర్రధూళిలో పుట్టి పెరిగినవాళ్ళం. 2011 జూలైలో లోకాయుక్త నివేదిక వచ్చింది, అదే నెలలో సుప్రీంకోర్టు బళ్ళారి గనుల తవ్వకం ఆపింది. కోట్లు గడించినవాళ్ళ సంగతి పేపర్లలో చదివాం. ఆ లారీల స్టీరింగు పట్టుకున్నవాళ్ళ సంగతి ఎవరూ రాయలేదు.

నేను తప్పును వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. ఓవర్‌లోడు లారీ బ్రేకు పడక ఎవరి పిల్లాడిమీదో ఎక్కితే ఏ సెక్షనూ ఆ పిల్లాణ్ణి తిరిగివ్వదు. హెల్మెట్ పెట్టుకోండి. తాగి నడపకండి. తప్పు చేస్తే మర్యాదగా కట్టండి. చెయ్యని తప్పుకూ, ఇంకొకడు చేయించిన తప్పుకూ తలవంచి కట్టవద్దన్నదే నా గోడు.

మోటారు సైకిలువాళ్ళకు కూడా నాలుగు మాటలు. లైసెన్సు చూపమని అడిగే పోలీసు అధికారి యూనిఫారంలో ఉండాలి. కాగితాలు ఫోనులో డిజిలాకర్‌లో చూపినా చెల్లుతాయి. లైసెన్సు తీసుకుంటే రసీదు ఇవ్వాలి. అసలు లైసెన్సు తిరిగొచ్చేదాకా, లేదా రసీదులో రాసిన తేదీదాకా, ఏది ముందైతే అప్పటిదాకా ఆ రసీదుతోనే బండి నడపవచ్చు. హెల్మెట్ లేనందుకు కేంద్ర చట్టం 2019లో 1,000 రూపాయలు పెట్టింది. కర్ణాటక ప్రభుత్వం ఆ ఏడు సెప్టెంబరులోనే దాన్ని 500కు తగ్గించింది. కెమెరాతో పట్టే తప్పులకు 2021లో వేరే నిబంధన చేర్చారు. కెమెరా ఉన్నట్టు ముందే బోర్డు పెట్టాలి, ఆ యంత్రానికి ధ్రువపత్రం ఉండాలి, 15 రోజుల్లోగా నోటీసు పంపాలి, ఫొటోలో నంబరు ప్లేటు కనబడాలి అని అందులో రాశారు. కాబట్టి నోటీసు రాగానే చూడవలసింది డబ్బు అంకె కాదు. నంబరు మీదేనా, ఆ రోజు ఆ చోట మీ బండి ఉందా, ఏ సెక్షను కింద రాశారు, చెప్పుకోవడానికి గడువెంత? ఈ నాలుగూ చూసిన తరువాతే డబ్బు సంగతి. గడువు మాత్రం దాటనివ్వకండి. దాటితే మీ న్యాయం మీ జేబులోనే ఉండిపోతుంది.

2023 ఫిబ్రవరిలో, మళ్ళీ 2025 ఆగస్టు, సెప్టెంబరులలో పాత చలానాల మీద సగానికి సగం తగ్గింపు ఇచ్చారు. జనం క్యూ కట్టారు. సంతోషమే. కానీ మీరు చెయ్యని తప్పుకు సగం మాత్రం ఎందుకు కట్టాలి? ఇది బట్టలకొట్టు ఆషాఢం సేలు కాదు గదా!

ఇక భాష సంగతి. "కర్ణాటకలో ఉండి కన్నడం నేర్చుకోకపోతే తప్పెవరిది?" అంటారు కన్నడ మిత్రులు. వాళ్ళ మాట న్యాయమైనది. నేను కాదనను. తెలుగు, కన్నడ లిపులు అక్కాచెల్లెళ్ళు. మన పిల్లవాడు పది సాయంత్రాలు కూర్చుంటే బస్సు బోర్డులు గడగడా చదువుతాడు. మాట వచ్చినవాడికి లిపి రాకపోవడం సిగ్గుచేటే. కన్నడంలో "దండ" అంటే జరిమానా. మన దండ మెడలో పడుతుంది, ఆ దండ జేబుమీద పడుతుంది. ఈ ఒక్క మాట చదవగలిగినా అతను సంతకానికి ముందు ఒక నిమిషం ఆగేవాడు.

అయితే అక్షరం రాకపోతే హక్కు పోదు. రాజ్యాంగం 350వ అధికరణం ఏమంటోంది? తన బాధ చెప్పుకోవడానికి ఎవరైనా కేంద్ర, రాష్ట్ర అధికారులెవరికైనా దేశంలోగానీ ఆ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ ఇవ్వవచ్చు అంటోంది. కర్ణాటకలో తెలుగు వాడుకలో లేదని ఎవరనగలరు? జవాబు తెలుగులో ఇస్తారని హామీ లేదు, అది వేరే పోరాటం. కానీ తెలుగులో రాసిన అర్జీని తీసుకోమని విసిరెయ్యడానికి వీల్లేదు. ఒక తాలూకాలోగానీ మునిసిపాలిటీలోగానీ అల్పసంఖ్యాక భాషవాళ్ళు నూటికి 15 నుంచి 20 మంది ఉంటే ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు వాళ్ళ భాషలో కూడా వెయ్యాలని 1956 నాటి కేంద్ర ప్రభుత్వ పత్రం చెప్పింది. కోర్టులో సాక్ష్యం ముద్దాయికి తెలియని భాషలో నడిస్తే అతనికి తెలిసిన భాషలో వివరించి చెప్పాలి. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్ళకు, పరిశ్రమల కార్మికులకు, తక్కువ ఆదాయంవాళ్ళకు న్యాయసేవా సంఘం ఖర్చు లేకుండా లాయరును ఇస్తుంది. ఇవన్నీ ఉన్నాయి. ఉన్నాయని చెప్పేవాడు లేడు.

ఎందుకు లేడు? ఇక్కడ మనల్ని మనం నిలదీసుకోవాలి. మన సంఘాలు ఏటా ఉగాదికి పందిరి వేస్తాయి, కవి సమ్మేళనం పెడతాయి, అమ్మభాష అంతరించిపోతోందని కన్నీళ్ళు పెడతాయి. నేనూ వేదికెక్కి చదివినవాణ్ణే. శాలువా కప్పించుకున్నవాణ్ణే. ఆ సభ బయట లారీ ఆపుకొని టీ తాగుతున్న తెలుగువాడి జేబులో ఏ భాష కాగితం ఉందో ఏనాడైనా అడిగామా? భాష పద్యంలోనే చావదు. సంతకం చెయ్యమన్న చోట "ఇందులో ఏముంది?" అని అడగలేనప్పుడు కూడా చస్తుంది. "పోలీసులతో మనకెందుకులే" అన్న మన పెద్దమనుషుల సలహా ఉందే, అదే అసలైన ఓవర్‌లోడు. దాన్ని మోస్తున్నది మాత్రం బీదవాడు.

నేను కోరేది పెద్ద ఉద్యమమేమీ కాదు. తెలుగువాళ్ళున్న ప్రతి ఊళ్ళో ఆదివారం సాయంత్రం గంటసేపు ఒక బల్ల వేసుకుందాం. రెండు లిపులూ వచ్చినవాడొకడు కూర్చోవాలి. తెచ్చిన కాగితం చదివి చెప్పాలి, అర్జీ రాసిపెట్టాలి, నకలు దాచిపెట్టాలి, గడువు తేదీ గోడమీద రాయాలి. ఎదురుగా పిల్లలను కూర్చోబెట్టి కన్నడ అక్షరాలు దిద్దించాలి. ఈ పత్రిక నెలకొక పేజీ అర్జీ నమూనాకు కేటాయిస్తే కవితలకు వచ్చే లోటేమీ లేదు.

యశ్వంతనగర్‌లో ఆ బల్ల వేశాం. మొదటి అర్జీ ఆ డ్రైవరుదే. కేసు రాజీ అయిపోయింది గనుక అది తిరగబడదు. జీతం కోతమీద కార్మిక శాఖకు రాశాం. తెలుగులోనే రాశాం. కింద సంతకం చేసేముందు అతను కాగితం తన చేతిలోకి తీసుకొని మొదటినుంచి చివరిదాకా చదివాడు. ఒకచోట తూకం చీటీ సంగతి రాయలేదని నాకే చెప్పి రాయించాడు. తరువాతే సంతకం పెట్టాడు.