తొమ్మిదో తరగతి గుమ్మంలో

సెప్టెంబరు నెల వచ్చిందంటే మా పార్సిప్పనీలో హైస్కూలు పిల్లలున్న ఇళ్ళని ఇట్టే గుర్తు పట్టేయొచ్చు. పొద్దున్న ఆరింటికే వంటింట్లో లైటు వెలుగుతుంది, పిల్లల గదిలో లైటు రాత్రి పన్నెండు దాటినా ఆరదు. లేక్ హయవాతాలో కూరగాయలకని వెళ్ళినా, ఎవరింట్లోనైనా సత్యనారాయణ వ్రతానికి వెళ్ళినా, మాటలు తిరిగి తిరిగి "మీ వాడు ఏ మాథ్‌లో ఉన్నాడండీ?", "మీ అమ్మాయి ఎన్ని ఆనర్స్ తీసుకుంది?" అనే దగ్గరికే వస్తాయి. మా పెద్దమ్మాయి హైస్కూలు ముగించింది, చిన్నవాడు కిందటేడే మొదలుపెట్టాడు. ఆ అనుభవంతో ఈ సంచికలో నాలుగు మాటలు చెబుదామని.

మా ఊళ్ళో రెండు మిడిల్ స్కూళ్ళు, బ్రూక్‌లాన్, సెంట్రల్. రెండు హైస్కూళ్ళు, పార్సిప్పనీ హై, పార్సిప్పనీ హిల్స్. జూన్‌లో స్కూలు మొత్తానికి పెద్దవాళ్ళుగా బయటికొచ్చిన పిల్లలు, సెప్టెంబరులో స్కూలు మొత్తానికి చిన్నవాళ్ళుగా లోపలికి అడుగుపెడతారు. లాకరు కొత్త, టీచర్లు కొత్త, పక్కన నడిచేవాళ్ళకి గడ్డాలూ మీసాలూ! పధ్నాలుగేళ్ళ పిల్లకి ఇది చిన్న విషయం కాదు.

మనకి ఇది సరిగ్గా అర్థం కాకపోవడానికి ఓ కారణం ఉంది. మనం చదువుకున్న రోజుల్లో ఎంసెట్ ఉండేది. ఇంటర్ రెండేళ్ళూ కష్టపడి, ఒక్క రోజు పరీక్ష రాసి, ర్యాంకు కోసం ఎదురు చూశాం. ఆ రోజు గడిస్తే గండం గడిచినట్టే. ఇక్కడి పిల్లలకి అలాంటి ఒక్క రోజంటూ లేదు. తొమ్మిదో తరగతి మొదటి క్విజ్ నుంచే గ్రేడు లెక్క మొదలవుతుంది. ఆ గ్రేడ్లన్నీ నాలుగేళ్ళ పాటు ట్రాన్స్‌క్రిప్టులో వెంట వస్తాయి. అంటే మనది ఒక్క రోజు ఎంసెట్ అయితే, వీళ్ళది నాలుగేళ్ళ ఎంసెట్ అన్నమాట.

అయితే భయం ఎంతవరకు అవసరమో కూడా తెలుసుకోవాలి కదా. న్యూజెర్సీలో హైస్కూలు పూర్తి చెయ్యడానికి కనీసం 120 క్రెడిట్లు కావాలి. అందులో ఇంగ్లీషుకి 20, లెక్కలకి 15, సైన్సుకి 15. తొమ్మిదిలో ఒక 'బి' వచ్చినంత మాత్రాన తలుపులేవీ మూసుకుపోవు. అంతెందుకు, యూనివర్శిటీ ఆఫ్ కాలిఫోర్నియా వాళ్ళు తమ జీపీఏ లెక్కలో తొమ్మిదో తరగతి గ్రేడ్లు కలపనే కలపరు. ఆ కోర్సులు తీసుకున్నారా లేదా అని మాత్రం చూస్తారు. ఆనర్స్ ఎన్ని తీసుకోవాలి అన్నదానికి మా ఇంట్లో ఒకటే కొలత. అన్నీ తీసుకున్నాక కూడా పిల్ల రాత్రి ఎనిమిది గంటలు నిద్రపోగలదా? ఈ వయసుకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని డాక్టర్లు చెబుతున్నారు. హైస్కూళ్ళు పొద్దున్న 8:30కి ముందు మొదలుపెట్టొద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2014లోనే సలహా ఇచ్చింది.

మన రాష్ట్రంలోనే జరిగిన ఒక సంగతి చెబుతాను. ప్రిన్స్‌టన్ పక్కన వెస్ట్ విండ్సర్-ప్లెయిన్స్‌బరో స్కూళ్ళలో మన భారతీయ కుటుంబాలు చాలా ఎక్కువ. 2015లో అక్కడి సూపరింటెండెంట్ డేవిడ్ ఆడర్‌హోల్డ్ తల్లిదండ్రులకి 16 పేజీల ఉత్తరం రాశారు. ఆ ముందు విద్యా సంవత్సరంలో మిడిల్, హైస్కూలు పిల్లల్లో 120 మందిని మానసిక ఆరోగ్య పరీక్షకి పంపమని చెప్పాల్సి వచ్చింది, 40 మంది ఆసుపత్రి పాలయ్యారు. ఆ తర్వాత హైస్కూళ్ళలో మిడ్‌టర్మ్, ఫైనల్ పరీక్షలు తీసేశారు, హోంవర్కు లేని రాత్రులు పెట్టారు. దీని మీద తల్లిదండ్రులు రెండుగా చీలిపోయారు. చదువుని నీరుగారుస్తున్నారని బాధపడ్డవాళ్ళలో ఆసియా నుంచి వచ్చిన వాళ్ళే ఎక్కువ.

ఆ బాధ నాకు అర్థమవుతుంది. మనలో చాలామంది చదువు అనే ఒక్క నిచ్చెన పట్టుకునే ఇంత దూరం వచ్చాం. ఆ నిచ్చెన మెట్లు ఎవరైనా తగ్గిస్తామంటే గుండె జారుతుంది. కాని ఆ 40 మందీ ఎవరో కాదు, మన పిల్లల్లాంటి పిల్లలే. కష్టపడి చదవడం వేరు, భయపడి చదవడం వేరు. మొదటిది నేర్పుదాం, రెండోది మాన్పిద్దాం.

ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. ఈ రోజుల్లో పేరెంట్ పోర్టల్ పుణ్యమా అని, పిల్ల బస్సు దిగేలోపే బయాలజీ క్విజ్‌లో 71 వచ్చిన సంగతి ఆఫీసులో ఉన్న మన ఫోనుకి చేరిపోతుంది. మా ఇంట్లో పోర్టల్ ఆదివారం సాయంత్రం ఒక్కసారే తెరుస్తాం. తెరిచేది మావాడు, పక్కన కూర్చునేది మేము. తన మార్కు తన నోటితో చెప్పుకునే అవకాశం వాడికి దక్కుతుంది.

ఇక చదువు కన్నా బరువైంది లంచ్ బల్ల. కిందటేడు అక్టోబరులో 287 మీద కారులో వస్తుండగా మావాడు కిటికీలోంచి బయటికి చూస్తూ, "అమ్మా, నేను రోజూ లంచ్ పీరియడ్ లైబ్రరీలోనే గడుపుతున్నా" అన్నాడు. కారులో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోనక్కర్లేదు కాబట్టి పిల్లలు అక్కడే నోరు విప్పుతారు. నేను రేడియో కట్టేసి, "ఎన్నాళ్ళ నుంచి నాన్నా?" అని మాత్రం అడిగాను. నాలుగు వారాల నుంచట. తర్వాత కౌన్సెలర్‌తో మాట్లాడి, స్కూలు నాటకాలకి సెట్లు కట్టే స్టేజ్ క్రూలో చేరాడు. "దీనికి కాలేజీ వాళ్ళ దగ్గర ఏమన్నా విలువుంటుందా?" అన్నారు మావారు. "వాడికి అన్నం తినడానికి ఓ బల్ల దొరికింది, అదే విలువ" అన్నాను. ఇప్పుడు మా గరాజ్‌లో చెక్కపొట్టూ రంగు డబ్బాలూ తప్ప ఇంకేం లేవు.

పిల్లలూ, ఈ పేరా మీకోసం. ఏటా ఇండియా నుంచి నేరుగా తొమ్మిదిలోకి వచ్చి చేరే పిల్లలుంటారు. వాళ్ళ యాసని, టిఫిన్ డబ్బాని చూసి 'ఫాబ్' అని నవ్వేవాళ్ళలో మన పిల్లలే ఉండటం నాకు చాలా కష్టంగా అనిపిస్తుంది. మీ అమ్మానాన్నలు కూడా ఒకప్పుడు అదే యాసతో ఇక్కడ దిగినవాళ్ళే. మీ బల్ల దగ్గర ఓ కుర్చీ జరపండి, చాలు. మిమ్మల్నే ఎవరైనా ఏడిపిస్తుంటే లోపల దాచుకోవద్దు. 2011లో న్యూజెర్సీ తెచ్చిన చట్టం ప్రకారం ప్రతి స్కూల్లోనూ ఇందుకోసం ఒక మనిషి ఉండాలి. ఫిర్యాదు అందాక పది స్కూలు రోజుల్లో విచారణ ముగించాలి.

పెద్దవాళ్ళకి ఒక్క మాట. పిల్ల తిండి తగ్గించినా, నిద్రపోకపోయినా, ఇష్టమైన పనులు మానేసినా, "టీనేజ్‌లే" అని వదిలెయ్యకండి. స్కూలు కౌన్సెలర్‌కి ఫోను చెయ్యండి, డాక్టరుకి చెప్పండి. నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారో అని ఆగొద్దు. బెంగ మరీ ఎక్కువైనప్పుడు 988కి రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోను చెయ్యొచ్చు, మెసేజ్ పంపొచ్చు. ఆ నంబరు 2022 జులై నుంచి దేశమంతటా పని చేస్తోంది. ఫ్రిజ్ మీద పిజ్జా కొట్టు నంబరు పక్కనే అదీ రాసి పెట్టండి. అవసరం రాకపోతే అంతకన్నా ఏం కావాలి!

వచ్చే సంచికలో, పదహారేళ్ళు నిండగానే చేతికొచ్చే డ్రైవింగ్ పర్మిట్ గురించి, పక్క సీట్లో కూర్చునే అమ్మానాన్నల గుండె దడ గురించి చెప్పుకుందాం. ఈలోగా మీ ఇంటి తొమ్మిదో తరగతి కబుర్లు మాకు రాయండి. పిల్లలు రాస్తే ఇంకా సంతోషం.